నూట ఆరో గడి

గ్లూమ్‌హేవెన్ అనే ఆట డబ్బా దాదాపు పది కిలోల బరువుంటుంది. ఐజాక్ చిల్డ్రెస్ అనే అమెరికన్ తయారుచేశాడు. 2017లో ఆడేవాళ్ళ చేతికొచ్చింది. అందులో 95 ఘట్టాలు, 17 రకాల పాత్రలు, అట్టముక్కలతో పేర్చుకునే గదులు, సమయం వచ్చేదాకా తెరవకూడని చిన్న చిన్న పెట్టెలు ఉంటాయి. వారానికి ఒక ఘట్టం చొప్పున అన్నీ ఆడాలంటే రెండేళ్ళు పడుతుంది. ప్రపంచంలోని బోర్డ్ గేమ్ ప్రియులు మార్కులు వేసే జాబితాలో ఏళ్ళ తరబడి అది మొదటి స్థానంలో నిలిచింది.

వైకుంఠపాళి పటం ఒక్క కాగితం. మడిస్తే చొక్కా జేబులో పడుతుంది.

ఈ రెండూ ఒకే జాతి ఆటలు. ఎవరో ఒకరు బయలుదేరతారు. ముందు ఏముందో తెలియదు. దారిలో ఒక్కోచోట ఒక్కో కథ ఎదురవుతుంది, ఆ కథ మనల్ని ముందుకు తోస్తుంది లేదా వెనక్కి లాగుతుంది. ఇలా కథతో నడిచే ఆటలకు ఇప్పుడు ప్రపంచమంతా ఆదరణ ఉంది. మరి ఆత్మకూరులో (నెల్లూరు జిల్లా ఆత్మకూరు కాదు, నల్లమల అంచున, 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండి ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న మా ఆత్మకూరు) ఒక ఇంట్లో అవ్వ మొదలుకొని మూడో తరగతి మనవరాలి దాకా కలిసి కూర్చుని ఆడటానికి అలాంటి ఆట ఒకటి కావాలంటే ఏది ఎంచుకోవాలి? పది కిలోల డబ్బా మనకు పని చేయదు. ముందుగా నియమాల పుస్తకం చదివి, నలుగురికీ వివరించి, ఆ తర్వాత ఆట మొదలుపెట్టే ఓపిక పండగ పూట ఎవరికీ ఉండదు. ఆట చిన్నదిగా ఉండాలి, చేరడానికి సులువుగా ఉండాలి, అయినా కథ ఉండాలి. నేనైతే వైకుంఠపాళినే ఎంచుకుంటాను. పాతది కాబట్టి, మనది కాబట్టి అనే అభిమానంతో చెప్పడం లేదు. ఆ కాగితం మీద జరిగిన పనితనాన్ని గడి గడీ చూసి చెబుతున్నాను.

ఇలాంటి ఆటల వెనకున్న ఊహ తెలుగు పాఠకుడికి కొత్తేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు ఈ తీరునే నడుస్తాయి. మణిసిద్ధుడు కాశీకి బయలుదేరతాడు, గోపడనే పసులకాపరి తోడు వస్తాడు. దిగిన ప్రతి మజిలీలో గోపడు ఊరు చూసొస్తాడు, ఏదో ఒక వింత కంటపడుతుంది, దాని కథ చెప్పమని పట్టుబడతాడు. కథ అయ్యాక మళ్ళీ నడక. 1985లో ఎరిక్ గోల్డ్‌బర్గ్ తయారుచేసిన టేల్స్ ఆఫ్ ది అరేబియన్ నైట్స్ ఆట కూడా ఇదే పద్ధతి. బాగ్దాదులో బయలుదేరిన బాటసారికి చోటుచోటునా ఎవరో ఒకరు తగులుతారు. ఏం చేస్తావని ఆట అడుగుతుంది. చెప్పిన జవాబును బట్టి లావుపాటి పుస్తకంలో ఒక నంబరు వెతికి, పక్కన కూర్చున్నవాళ్ళు కథ చదివి వినిపిస్తారు. సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలు రాయాల్సి వచ్చినట్టే గోల్డ్‌బర్గ్‌కూ పెద్ద పుస్తకం అవసరమైంది. మజిలీలు ఎక్కువైతే కథలు ఎక్కువ, కథలు ఎక్కువైతే కాగితాలు ఎక్కువ. ఈ జాతి ఆటలు బరువెక్కడానికి కారణం అదే.

వైకుంఠపాళి చేసినవాళ్ళు ఈ చిక్కును ఎలా దాటారన్నదే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే సంగతి.

పటం నేల మీద పరిచి చూడండి. మామూలుగా దొరికే తెలుగు అచ్చులో అడ్డం పదకొండు గడులు, నిలువు పన్నెండు వరుసలు, మొత్తం 132. అంకెలు మాత్రం 121 దాకానే. ఎడమ పక్క అడుగు మూలన ఒకటితో మొదలై కుడివైపు పదకొండు దాకా వెళ్తాయి. పన్నెండు సరిగ్గా పదకొండు నెత్తిన ఉంటుంది, అక్కణ్ణుంచి ఎడమకు నడక. ఇరవై రెండు మీద ఇరవై మూడు, మళ్ళీ కుడికి. చేను చివర ఎద్దులను మళ్ళించి పక్క సాలు పట్టినట్టు వరుస వెంట వరుస పైకి పాకుతుంది. ఇందువల్ల కాయ ఎక్కడా గాల్లోకి లేవదు. వరుస అయిపోగానే పటం ఆ చివరికి ఎగిరి దూకాల్సిన పని లేదు. ఒకటి నుంచి 121 దాకా ఎక్కడా తెగని ఒకే దారి. ఇంకా అంకెలు కూడబలుక్కుంటున్న పిల్లకు కూడా వేలు పెట్టి నడిపిస్తే దారి తప్పదు. యాత్రను చూపించే ఆటకు దారి తెగకపోవడం ఎంత అవసరమో ఆలోచించండి. గడుల మధ్య గెంతులు ఉంటే అది లెక్కల పలకలాగే మిగిలిపోయేది.

పన్నెండో వరుసకు అంకెలు లేవు. అక్కడ ఉండేది లోకాలు, దేవతల బొమ్మలు, నడుమ వైకుంఠం. పదకొండు వరుసలు ఒకే కొలత గళ్ళుగా గీసిన చేయి, పన్నెండో వరుసలో ఆ లెక్కను విడిచిపెట్టింది. అంకెలతో కొలిచే దారి అయిపోయిందని చదువు రాని కంటికి కూడా తెలుస్తుంది.

ఇక పాములు. పటమంతా చిన్నాపెద్దా పాములుంటాయి గానీ ఒకటి వేరు. దాని తల 106వ గడిలో, తోక ఒకటో గడిలో. అరుకాషుడని దానికి పేరు. పదో వరుస నుంచి అడుగు దాకా పటాన్ని నిలువునా చుట్టేసి ఉంటుంది. కాగితం విప్పగానే మొదట కంటపడేది ఆ పామే. ఆట మొదలుపెట్టకముందే అందరికీ దాని సంగతి తెలుసు. కాయ ఇంకా ఇరవయ్యో గడిలో ఉండగానే పిల్లలు దాని గురించి మాట్లాడుతుంటారు. కథ చెప్పేవాళ్ళు రాక్షసుణ్ణి మొదటే చూపించి, అతడి దగ్గరికి వెళ్ళేదాకా మనల్ని నడిపిస్తారు కదా. ఆ పనిని ఇక్కడ ఒక్క గీత చేస్తోంది.

ఆ తల 106లోనే ఎందుకుంది? ఎవరు పెట్టారో పేరు మిగల్లేదు, కానీ ఆలోచన మాత్రం పటం మీదే కనిపిస్తుంది. 120లో పెట్టి ఉంటే చివరి అడుగులో నోటికాడి కూడు లాక్కున్నట్టు ఉండేది, ఆడేవాడికి ఆట మీదే కోపం వచ్చేది. యాభైల్లో పెట్టి ఉంటే పడినా పెద్ద నష్టం లేదు. 106 దగ్గర మనిషికి ఆశ పుట్టి ఉంటుంది, చేరిపోయామన్న ధీమా మాత్రం ఇంకా ఉండదు. దాటినవాడికి ఇంకో పదిహేను గడులు మిగిలే ఉంటాయి. భయం తీరిన తర్వాత నింపాదిగా నడవడానికి ఆ కాస్త దారి కావాలి.

కొంచెం లెక్క వేసి చూస్తే ఆ పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. ఒకే పాచికతో, పడినంత నడిచే పద్ధతిలో ఆడుతున్నామనుకుందాం. పందెం సగటు మూడున్నర. అంటే దూరం నుంచి నడిచివచ్చే కాయ ఏదో ఒక గడిలో ఆగే అవకాశం ఏడింట రెండు. ఏడుగురు 106 మీదుగా వెళ్తే సుమారు ఇద్దరు దాని నోట్లో పడతారు. అయితే కాయ ఆ దగ్గరికి వచ్చేకొద్దీ ఈ లెక్క మారుతుంది. 105లో ఉన్నవాడికి ఒకటి పడితేనే ప్రమాదం, ఆరింట ఒక వంతు. 103లో ఉన్నవాడికి నూటికి సుమారు 23. 100లో ఉన్నవాడికి, మధ్యలో వేరే పాము గానీ నిచ్చెన గానీ అడ్డురాకపోతే, నూటికి 36. ఒక్కసారిగా ఆరు పడినా పోతాడు, రెండు మూడు అడుగులుగా నడిచి వచ్చినా అక్కడే ఆగే దారులు చాలా ఉన్నాయి. పదకొండు గడుల వరుసల్లో 100 ఎక్కడ పడుతుందో చూడండి. పదో వరుసలో మొదటి గడి. తొమ్మిదో వరుస పూర్తి చేసి, మలుపు తిరిగి, పాము తల ఉన్న వరుసలోకి కాలు పెట్టిన ఆ మొదటి గడే అన్నిటికంటే ప్రమాదమైన చోటు. ఈ లెక్క వేసి పెట్టారో, తరాల తరబడి ఆడగా ఆడగా తల అక్కడికి చేరి స్థిరపడిందో గానీ, మలుపు తిరగగానే గుండె దడ మొదలయ్యేలా అమరింది.

మింగిన తర్వాత ఏమవుతుందన్నది కూడా గమనించాలి. ఒకటో గడికి వస్తాం, అంతే. ఆట నుంచి బయటికి పోము. ఈ ఆటలో ఎవరూ లేచి పక్కన కూర్చోవాల్సిన పని లేదు. ముక్కోటి ఏకాదశికో శివరాత్రికో జాగారం చేసేవాళ్ళకు ఇది ఎంత అనువైన ఏర్పాటో చెప్పక్కర్లేదు. రాత్రంతా మెలకువగా ఉండాలి, అందరూ ఉండాలి. ఆట తొందరగా ముగిసిపోకూడదు, ముందు ఓడినవాడు నిద్రకు జారుకోకూడదు. ఆ పొడవాటి పాము గడియారం ముల్లును వెనక్కి తిప్పి ఆటను తెల్లవారుజాము దాకా సాగదీస్తుంది. ఎక్కువసేపు పట్టడం చాలా ఆటలకు లోపం. దీన్ని మాత్రం అందుకోసమే కట్టారు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం: కథ ఎక్కడుంది?

పాము ఒంటి మీదో, గడిలోనో ఒక పేరు రాసి ఉంటుంది. అచ్చును బట్టి పేర్లు మారతాయి గానీ ఎక్కువగా పురాణాల్లో చెడ్డపేరు తెచ్చుకున్నవాళ్ళే. రావణుడు, నరకాసురుడు, దుర్యోధనుడు లాంటివాళ్ళు. ఒక్క పేరు, అంతకుమించి అక్షరం ఉండదు. కాయ అక్కడ ఆగగానే మనవరాలు అడుగుతుంది:

"అవ్వా, ఈయప్ప ఎవురు?"

"నరకాసురుడు మే. దీపావళి ఎందుకు చేస్తామో చెప్పినా గదా, మర్చిపోతివా?"

ఆ మాట నుంచి సత్యభామ వస్తుంది, గరుత్మంతుడు వస్తాడు, యుద్ధం వస్తుంది. పందెం వేయాల్సినవాళ్ళు గవ్వలు చేతిలో పట్టుకుని వింటూ ఉంటారు. గోల్డ్‌బర్గ్ పుస్తకంలో నంబరు వెతికి చదివినదానికీ దీనికీ తేడా ఒక్కటే. ఆ పుస్తకం ఇక్కడ డబ్బాలో లేదు, అవ్వ దగ్గరుంది. పటం చేసినవాడు కథను అచ్చువేయలేదు. ఇంట్లో అప్పటికే ఉన్న కథకు ఒక గుర్తు పెట్టి, ఎప్పుడు ఏ కథ బయటికి రావాలో పాచికకు వదిలేశాడు. కాగితం ఒకటే సరిపోవడానికి కారణం ఇదే. గ్లూమ్‌హేవెన్‌లో ఊరు, జాతులు, దేవుళ్ళు అన్నీ చిల్డ్రెస్ కొత్తగా ఊహించినవి. ఆడేవాళ్ళకు వాటి గురించి ముందుగా ఏమీ తెలియదు కాబట్టి ప్రతిదీ అతను మోసుకొచ్చి ఇవ్వాల్సిందే. పది కిలోల్లో సగం బరువు అదేనని నేను నమ్ముతాను.

నిచ్చెనల్లో ఇంకో నేర్పు ఉంది. పాములకు ఎక్కువగా వ్యక్తుల పేర్లుంటే, నిచ్చెనలకు గుణాల పేర్లు పెట్టారు. భక్తి, జ్ఞానం, వైరాగ్యం, చిత్తశుద్ధి లాంటివి. పైకి వెళ్ళేటప్పుడు కథ అక్కర్లేదు, ఆడేవాడు సంబరంగా ఎక్కేస్తాడు. కిందికి జారినప్పుడే ఒక మనిషి కావాలి, అతడేం చేశాడో వినాలి. కథ చెప్పడంలో ఆరితేరినవాళ్ళు మాత్రమే ఇలా సర్దగలరు. పడిపోవడంలోనే కథ ఉందని వాళ్ళకు తెలుసు.

అచ్చువేసినవాళ్ళ పనిని కూడా తక్కువ చేయకూడదు. పాము ఒళ్ళు పది వరుసల మీదుగా పోతున్నా కింది అంకెలు కనబడాలి. నిచ్చెనలు తిన్నగా, పాములు వంకర్లు తిరిగి ఉండటం వల్ల అవి ఒకదాని మీదుగా ఒకటి వెళ్ళినా కన్ను తికమకపడదు. రెండు పాములు అడ్డంగా దాటుకునే చోట రంగులు మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, నోరు ఒకే గడిలో ఉండాలి, తోక కొస ఒకే గడిలో ముగియాలి. చవక అచ్చుల్లో తోక రెండు గడుల మధ్య గీత మీద ఆగిపోతుంది, "ఈ గడా, ఆ గడా" అని ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. మంచి పటంలో తోక కొస గడి నడుమకు వచ్చి ఆగుతుంది. గీసినవాడికి ఆడేవాళ్ళ మీద ఎంత శ్రద్ధ ఉందో ఆ తోక దగ్గరే తెలుసుకోవచ్చు.

ఇలాంటి పటాలు ఒక్క తెలుగునాటే లేవు. తమిళులు పరమపదం అంటారు, ఉత్తరాన జ్ఞాన చౌపర్ అంటారు. జైనుల పటాల్లో 84 గడులు, వైష్ణవ పటాల్లో కొన్నిట 72, కొన్నిట 124. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియానికి చెందిన ఆండ్రూ టాప్స్‌ఫీల్డ్ ఈ పటాలను వెతికి పోల్చి 1985లో పెద్ద వ్యాసం రాశాడు. ఆ రకాలన్నీ చూస్తే ఒక సంగతి స్పష్టం. గడుల సంఖ్య ఎంత మారినా, ప్రతి గడికీ ఒక అర్థం ఉండటం మాత్రం మారలేదు.

అది మారింది ఇంగ్లండులో. 1892లో ఎఫ్. హెచ్. ఏయర్స్ అనే లండన్ ఆటవస్తువుల తయారీదారు ఈ ఆటకు పేటెంటు తీసుకున్నాడు. పాత భారతీయ పటాల్లో నిచ్చెనల కంటే పాములు ఎక్కువగా ఉండేవి. విక్టోరియా కాలపు బోర్డుల్లో రెంటినీ సమానం చేస్తూ వచ్చారు. మొదట్లో వాళ్ళ నీతులు, వాళ్ళ దుర్గుణాలు బొమ్మల్లో వేశారు. క్రమంగా అవీ పోయాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాములను కూడా తీసేసి జారుడుబల్లలు పెట్టింది. చివరికి మనకు తిరిగొచ్చింది పది పదుల వంద గడుల ఆట. గడులు తగ్గాయి, చేరడం సులువైంది, ఏ దేశం పిల్లలైనా ఆడుకోవచ్చు. కానీ పాముకు పేరు లేదు. అవ్వను అడగడానికి ఏమీ లేదు. ఒక కథల ఆటను చిన్నది చేయబోయి దాన్ని ఎలా పోగొట్టుకోవచ్చో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పోగొట్టుకోకుండా చిన్నది చేసినవాళ్ళూ ఉన్నారు. చిల్డ్రెస్ తన పెద్ద ఆటను 2020లో జాస్ ఆఫ్ ది లయన్ అనే పేరుతో తానే కుదించాడు. 95 ఘట్టాలు 25 అయ్యాయి, 17 పాత్రలు నాలుగయ్యాయి. అమెరికాలో 140 డాలర్ల ఆట 50 డాలర్లకు దిగింది. అంకెలు తగ్గించడం ఎవరైనా చేస్తారు. నాకు నచ్చింది అతను గదులను ఏం చేశాడన్నది. పెద్ద ఆటలో ప్రతి ఘట్టానికి ముందు అట్టముక్కలు వెతికి, జతచేసి గదులు పేర్చాలి. దానికే అరగంట పోతుంది. చిన్న ఆటలో ఆ గదుల్ని నేరుగా పుస్తకం పేజీల మీదే అచ్చువేశాడు. పుస్తకం విప్పి పరిస్తే అదే పటం, బొమ్మలు దాని మీదే నిలబెట్టి ఆడాలి. అతనికి తెలిసో తెలియకో వైకుంఠపాళి దగ్గరికే వచ్చి చేరాడు: కాగితం విప్పు, ఆడు.

రెండో పని ఇంకా మెచ్చుకోదగ్గది. ఈ ఆటలో పాచిక లేదు. ప్రతి ఆటగాడి చేతిలో ముక్కలుంటాయి. ప్రతిసారీ రెండు ముక్కలు ఎంచుకుని, ఒకదాని పై సగంలో ఉన్న పని, రెండోదాని కింది సగంలో ఉన్న పని చేయాలి. ముక్కలు తరుగుతూ వస్తాయి, అవి అయిపోతే ఓపిక అయిపోయినట్టే. కొత్తవాళ్ళకు ఇది తలకు మించిన పని. అందుకని మొదటి అయిదు ఘట్టాలను పాఠంగా మలిచాడు. మొదట్లో సులువైన ముక్కలు ఇస్తాడు, ఘట్టం ఘట్టానికీ వాటి స్థానంలో అసలు ముక్కలు వస్తాయి, కొత్త నియమం అవసరమైన చోటే పరిచయమవుతుంది. ఊళ్ళో మనుషులు మాయమవుతున్నారు, ఎందుకో కనుక్కోవాలి అన్న కథ ఈలోపు సాగిపోతూనే ఉంటుంది. పాఠం నేర్చుకుంటున్నామన్న విసుగు రాదు. ఆడేవాళ్ళకు ముందే తెలిసిన కథ లేనప్పుడు, అవ్వ చేసే పనిని ఆట తానే చేయాలి. ఆ అయిదు ఘట్టాలు ఆ పని చేస్తాయి.

రయాన్ లౌకాట్ అనే ఇంకో అమెరికన్ తన ఆటలకు బొమ్మలు కూడా తానే వేసుకుంటాడు. అతని స్లీపింగ్ గాడ్స్ 2021లో వచ్చింది. 1929లో మాంటికోర్ అనే ఓడ తెలియని సముద్రంలోకి వెళ్ళిపోతుంది, కెప్టెన్ సోఫీ ఒడెస్సా తన మనుషులతో ఇంటిదారి వెతకాలి. సముద్రమంతా ఒక అట్లాసు. ఓడ పేజీ అంచుకు వెళ్తే ఏ పేజీ తిప్పాలో అంచునే రాసి ఉంటుంది. తిరగడమే ప్రధానమైన ఆటల్లో నేను దీన్ని చాలా పైన పెడతాను. అయితే దాని కథల పుస్తకం లావుగా ఉంటుంది, అంతా ఇంగ్లీషులోనే. ఆత్మకూరు నడింట్లో అవ్వకూ మనవరాలికీ మధ్య ఒకరు కూర్చుని ప్రతి ముక్కా తెలుగు చేసి చెప్పాలి. ఆ ఒకరు దొరికిన ఇంట్లో అది గొప్ప ఆట.

వైకుంఠపాళిలో లేనిది కూడా చెప్పాలి. అందులో ఎంపిక లేదు. పందెం ఎంత పడితే అంత నడుస్తాం, పాము ఉంటే దిగుతాం, నిచ్చెన ఉంటే ఎక్కుతాం. పన్నెండేళ్ళు దాటిన పిల్లవాడికి కొన్నాళ్ళకు ఇది చాలదు. వాడికి తన తెలివి పని చేయాలి. మన ఊళ్ళలో అలాంటివాళ్ళకు పులి జూదం ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు, పాత గుళ్ళ మండపాల్లో బండల మీద చెక్కిన గీతలు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఆత్మకూరు ఒక అటవీ డివిజన్, ఇక్కడి పిల్లలకు పులి అంటే పుస్తకాల్లో చదివిన జంతువు కాదు. ఆ ఆటలో ఎత్తుకు పైఎత్తు ఉంది, గంటసేపు తల ఎత్తనివ్వదు. కథ మాత్రం లేదు. కథా కావాలి, ఎంపికా కావాలి అంటే జాస్ ఆఫ్ ది లయన్ లాంటిదే దిక్కు. దాన్ని పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళకని చెబుతారు, యుద్ధాలు ఎక్కువ. చిన్నపిల్లలు కలిసే ఇంట్లో మొదట అది వద్దు.

ఆత్మకూరువాళ్ళకు ఇంకో దారి కూడా ఉంది, దాన్ని గురించి ఇష్టంగా చెబుతాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో కాశీయాత్రకు బయలుదేరి, ఆత్మకూరు వచ్చి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం మీదుగా శ్రీశైలం వెళ్ళాడు. ప్రతి మజిలీలో నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దారి ఎలా ఉంది అని శ్రద్ధగా రాసిపెట్టుకున్నాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర అలా రాసిన పుస్తకం. ఆ దారి ఇప్పటికీ నడుస్తోంది. శివరాత్రికి తెలుగువాళ్ళు, ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల భక్తులు వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి నాగలూటి వీరభద్రుణ్ణి చూసుకుని, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొల్లం దాటి కైలాసద్వారం ఎక్కుతారు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని శాసనాలున్నాయి.

ఇంతకంటే సిద్ధంగా ఉన్న ఆటపటం ఎక్కడ దొరుకుతుంది? మజిలీలు ఏడెనిమిది. ఒక్కో మజిలీకి ఒక కథ, ఆ కథ తెలిసినవాళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు. డ్రాయింగు షీటు మీద బళ్ళో పిల్లలు ఒక మధ్యాహ్నం కూర్చుంటే గీసేయగలరు. గీసేటప్పుడు పాత పటం చేసిన పనులు మూడు గుర్తుంచుకుంటే చాలు. దారి ఎక్కడా తెగకూడదు, కథ మొత్తం రాయకుండా పేరు మాత్రం రాయాలి. పెద్ద ప్రమాదాన్ని శ్రీశైలం గుమ్మంలో పెట్టకూడదు. నన్నడిగితే భీముని కొల్లం లోయలోకి దిగే చోట పెడతాను. నడిచినవాళ్ళందరికీ కాళ్ళు తడబడేది అక్కడే. అది దాటినవాడికి కైలాసద్వారం ఎక్కే దారి ఇంకా మిగిలి ఉంటుంది.

గీసుకునే తీరిక లేనివాళ్ళు పటం కొనుక్కోవచ్చు, పూజాసామాను అంగళ్ళలో, తిరునాళ్ళ దుకాణాల్లో దొరుకుతుంది. కొనేముందు మడత విప్పి చూడండి. పాముల మీద పేర్లు తెలుగులో, చదవగలిగేంత పెద్దగా ఉండాలి. పేర్లు లేని పటం ఎంత నిగనిగలాడినా వద్దు. తోకలు గడి నడుమ ఆగాయో గీతల మీద ఆగాయో చూడండి. పైవరుసలో లోకాలున్నాయో లేదో చూడండి. పటంతో పాటు ఇచ్చే ప్లాస్టిక్ పాచిక పక్కన పెట్టేసి గవ్వలు వాడితే ఆట నడక మారుతుంది. గవ్వలు లేకపోతే ఆరు చింతగింజలు ఒక పక్క తెల్లగా వచ్చేదాకా బండకేసి అరగదీయండి. తెల్లపక్క పైకి పడ్డవి ఎన్నో అన్ని గడులు నడవాలి. రెండు పక్కలా సమానంగా పడేలా అరగదీస్తే అరవై నాలుగింట ఇరవై సార్లు మూడే పడుతుంది, ఆరు పడేది ఒక్కసారే. అప్పుడు అన్నిటికంటే ప్రమాదమైన చోటు 100 నుంచి 103కు మారుతుంది. పాము మారదు గానీ దానికి భయపడాల్సిన గడి మారుతుంది. రెండు రకాలుగానూ ఆడి చూడండి.